సెంటీమీటర్ల లెక్క దాటితే: సీమలో ఫ్రీలాన్స్ జర్నలిస్టు బతుకుతెరువు

ఒక పత్రికకు మండల కంట్రిబ్యూటర్‌గా ఉన్న రోజుల్లో, నెలాఖరున పత్తికొండ బస్టాండు పక్కనున్న జిరాక్స్ షాపులో కూర్చుని, ఆ నెలంతా నేను పంపగా అచ్చయిన వార్తలను కత్తిరించి తెల్లకాగితాలకు అంటించేవాణ్ని. పక్కన స్కేలు ఉండేది. ఒక్కో వార్త పొడవు కొలిచి అంచున పెన్సిల్‌తో రాసేవాణ్ని. పద్నాలుగు, తొమ్మిది, ఆరున్నర. ఫొటో ఉంటే దానికి వేరే లెక్క. అన్నీ కూడి, కవరులో పెట్టి జిల్లా ఆఫీసుకు పంపితే ఎప్పటికో లైన్ అకౌంట్ డబ్బులు వచ్చేవి. అవి పెట్రోలుకు కూడా చాలేవి కావు. అసలు సంపాదన ప్రకటనల కమీషన్‌లో ఉంటుందని పత్రికకు తెలుసు, మాకు తెలుసు, ఊళ్లో నాయకులకూ తెలుసు. ఉగాదికి, జనవరి ఒకటికి యాడ్స్ టార్గెట్ ఇచ్చేవాళ్లు. ఎవరి దగ్గర పుట్టినరోజు ప్రకటన తీసుకున్నానో, ఆయన వేసిన నాసిరకం రోడ్డు గురించి మర్నాడు రాయలేకపోయేవాణ్ని.

ఆ పని వదిలి పదేళ్లు దాటింది. అనంతపురంలో ఉంటూ, ఎక్కడా ఉద్యోగం చేయకుండా, రాసింది అమ్ముకుని ఇల్లు నడుపుతున్నాను. జర్నలిజం చదివే పిల్లలు, మండలాల్లో పనిచేసే విలేకరులు తరచూ అడుగుతారు: "మన జిల్లాల్లో ఉండి ఇది అయ్యే పనేనా అన్నా?" అవుతుంది. అయితే రాయడం ఒక్కటే వస్తే చాలదు. రాసినదాని మీద హక్కు ఎవరిది, డబ్బు ఎన్ని రోజుల్లో రావాలి, రాకపోతే ఎవరిని అడగాలి, ఒక ప్రయాణంలోంచి ఎన్ని కథనాలు తీయవచ్చు అనేవి కూడా రాయడమంత బాగా తెలిసుండాలి. వీటిని క్లాసులో చెప్పరు, డెస్కులో అసలే చెప్పరు.

కంట్రిబ్యూటర్ వేరు, ఫ్రీలాన్సర్ వేరు

ముందు ఈ చిక్కు విప్పుకోవాలి. స్టాఫర్‌కు నియామక పత్రం, జీతం, పీఎఫ్ ఉంటాయి. కంట్రిబ్యూటర్‌కు ఇవేవీ ఉండవు, కానీ స్టాఫర్‌కు ఉండే కట్టుబాట్లన్నీ ఉంటాయి. మండలం అప్పగిస్తారు, రాత్రి పదింటికి ఫోన్ చేసి ఐటెం అడుగుతారు, వేరే పత్రికకు రాయకూడదంటారు. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం జర్నలిస్టు అంటే ఎవరో చెబుతూ, జర్నలిజం అతని ప్రధాన వ్యాపకం అయి ఉండాలని, ఆ పనిలో నియమితుడై ఉండాలని నిర్వచించింది. ఆ చట్టం ఇప్పుడు కొత్త కార్మిక కోడ్‌లలో కలిసిపోయింది కానీ ఈ మాట అలాగే ఉంది. చాలాచోట్ల కంట్రిబ్యూటర్లతో "నాకు వేరే జీవనాధారం ఉంది, ఇది నా ప్రధాన వృత్తి కాదు" అని రాయించుకుని సంతకం పెట్టించుకునేది ఇందుకే. ఆ ఒక్క కాగితంతో చట్టం ఇచ్చే రక్షణ మనకు వర్తించకుండా పోతుంది.

ఫ్రీలాన్సర్ అమ్మేది కథనాన్ని. తన మండలాన్ని, తన రోజుల్ని, తన నోటిని ఎవరికీ రాసివ్వడు. ఈరోజు ఒక పత్రికకు, రేపు ఇంకో వెబ్‌సైట్‌కు, ఎల్లుండి రేడియోకు రాసుకోవచ్చు. కంట్రిబ్యూటర్‌గా ఉంటూ "నేను ఫ్రీలాన్సే కదా" అనుకునేవాళ్లకు ఉద్యోగం ఇచ్చే భద్రతా ఉండదు, ఫ్రీలాన్స్ ఇచ్చే స్వేచ్ఛా ఉండదు. ఒకటి వదులుకుంటున్నప్పుడు రెండోదైనా దక్కేలా చూసుకోవాలి.

కొనేవాళ్లు ఎక్కడున్నారు

తెలుగులో దినపత్రికల ఆదివారం పుస్తకాలు, ఫీచర్ పేజీలు బయటివాళ్ల రచనలు తీసుకుంటాయి. 2017 అక్టోబరు 2న మొదలైన బీబీసీ తెలుగు, జిల్లాల్లో ఉన్న ఫ్రీలాన్సర్లతో రాయిస్తుంది. బైలైన్ (కథనం మీద వేసే రచయిత పేరు) కింద "బీబీసీ కోసం" అని ఉండే కథనాలు అవే. ఆకాశవాణి జిల్లా కేంద్రాల్లో పార్ట్‌టైం విలేకరులను పెట్టుకుంటుంది. కడప, అనంతపురం, కర్నూలు కేంద్రాల్లో ప్రసంగాలకు, క్యాజువల్ అనౌన్సర్లకు కూడా అవకాశం ఉంటుంది.

ఇంగ్లిష్‌లో న్యూస్ మినిట్, స్క్రోల్, వైర్, ఇండియాస్పెండ్ లాంటి వార్తా వెబ్‌సైట్లు ఉన్నాయి. పర్యావరణం అయితే మోంగాబే ఇండియా, డౌన్ టు ఎర్త్. పాలగుమ్మి సాయినాథ్ 2014లో ప్రారంభించిన పారి (పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా) వెబ్‌సైట్ పల్లెల గురించి మాత్రమే ప్రచురిస్తుంది. దానికి తెలుగులోనే రాసి పంపవచ్చు, అనంతపురం జిల్లా కథలు అందులో చాలా వచ్చాయి. బెంగళూరు కేంద్రంగా నడిచే 101 రిపోర్టర్స్ ఊళ్లలో ఉన్న విలేకరులతో రాయించి వేరే సంస్థలకు చేరుస్తుంది. మొదటిసారి ఇంగ్లిష్ వైపు అడుగు వేసేవాళ్లకు అది మంచి మెట్టు.

ఇంగ్లిష్ అంటే మనవాళ్లకు ఉన్న టెన్షన్ నాకు తెలుసు, నాకూ ఉండేది. ఆ ఎడిటర్లకు కావాల్సింది అలంకారాల ఇంగ్లిష్ కాదు. ఎవరు, ఎక్కడ, ఎంత, ఎప్పటినుంచి అనేవి చిన్న వాక్యాల్లో తప్పు లేకుండా ఉంటే మిగతాది వాళ్లు సరిచేస్తారు. మన దగ్గర ఉన్నదీ వాళ్ల దగ్గర లేనిదీ ఊరు. తుంగభద్ర డ్యాం 19వ గేటు 2024 ఆగస్టు 10 రాత్రి కొట్టుకుపోయినప్పుడు దేశమంతా హోస్పేట వైపు చూసింది. నాలుగైదు రోజులకే అందరూ వెళ్లిపోయారు. ఎగువ కాలువ చివరి ఆయకట్టులో నీళ్ల కోసం ఎదురుచూసే రైతు దగ్గరికి వారం తర్వాత, నెల తర్వాత, మరుసటి ఖరీఫ్‌లో పోగలిగేది ఇక్కడ ఉన్న మనమే.

ఒక బస్సు టికెట్టు, నాలుగైదు కథనాలు

తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర పొలాల్లో ఏటా వజ్రాల వేట మొదలవుతుంది. నేలకేసి చూస్తూ వంగి నడిచే జనం ఫొటో ప్రతి పత్రికలో వస్తుంది. ఫలానా కూలీకి రాయి దొరికింది, ఇన్ని లక్షలకు అమ్ముడుపోయింది అని ప్రతి చానల్లో వస్తుంది. అదే కథనాన్ని మీరు మళ్లీ పంపితే ఎడిటర్ ఎందుకు కొంటారు?

ఆ పొలం గట్టు మీద నిలబడి కాస్త పక్కకు చూడండి. విత్తనం వేయాల్సిన అదునులో వందలమంది పొలం తొక్కుతుంటే ఆ రైతు ఏం చేస్తున్నాడు? దొరికిన రాయికి ధర కట్టేది ఎవరు, రసీదు అనేది ఉంటుందా? పని మానుకుని, పిల్లల్ని తీసుకుని వచ్చి చెట్ల కింద వండుకు తినే కుటుంబానికి రాయి దొరకని రోజుకు ఎంత నష్టం? అసలు వజ్రాలు ఇక్కడే ఎందుకు ఉన్నాయి అంటే పక్కనున్న వజ్రకరూరు కింబర్లైట్ రాతి పైపుల (భూమి లోతుల నుంచి వజ్రాలను పైకి మోసుకొచ్చిన నిలువు రాతి గొట్టాలు) దాకా వెళ్లాలి, అది సైన్స్ కథనం. జొన్నగిరిలో బంగారు గని ఉంది, అది వ్యాపార పేజీకి. దగ్గర్లోనే ఎర్రగుడి అశోకుని శిలాశాసనం ఉంది, అది ఆదివారం పుస్తకానికి. తిరిగొచ్చేటప్పుడు పత్తికొండ టమాట మార్కెట్లో అరగంట ఆగితే ఇంకొకటి.

అనంతపురం రైతు శనక్కాయ సాళ్ల మధ్య కంది సాలు వేస్తాడు. వాన వెనకబడి శనక్కాయ పోయినా కంది నిలబడుతుంది. నేనూ అదే చేస్తాను. నా నోట్‌బుక్కులో ప్రతి ప్రయాణానికి ఒక పేజీ ఉంటుంది, మధ్యలో నిలువు గీత గీస్తాను. ఎడమవైపు, దేనికోసం బయల్దేరానో ఆ కథనానికి సంబంధించిన వివరాలు. కుడివైపు, దారిలో కనిపించినవి, ఎవరో మాటల్లో అన్నవి, ఇప్పుడు అవసరం లేనివి. ఏడాది మొత్తం చూసుకుంటే నా సంపాదనలో సగం కుడివైపు రాసుకున్నవాటి నుంచే వచ్చింది.

ఎడిటర్‌కు పంపే ప్రతిపాదనను అందరూ పిచ్ అంటారు. మనవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. "సార్, నేను పన్నెండేళ్ల అనుభవం ఉన్న జర్నలిస్టును, నాకు అవకాశం ఇప్పించగలరు" అని రాస్తారు. ఆ ఉత్తరంలో కథనం ఎక్కడుంది? ఇలా రాయండి:

"జొన్నగిరి చుట్టుపక్కల వజ్రాల వేటకు వచ్చే జనం వల్ల తొలకరిలో విత్తనం వేయలేకపోతున్న రైతుల మీద 1,200 పదాల కథనం ప్రతిపాదిస్తున్నాను. ఇప్పటికే ముగ్గురు రైతులతో మాట్లాడాను. మండల వ్యవసాయ అధికారి వివరణ తీసుకుంటాను. వేట గురించి ఏటా వార్తలు వస్తాయి, ఇది పొలం సొంతదారు వైపు నుంచి. ఎనిమిది ఫొటోలతో జూన్ రెండో వారంలో ఇవ్వగలను. నేను అనంతపురంలో ఉంటాను, గతంలో రాసిన రెండు కథనాల లింకులు కింద ఉన్నాయి."

అంతే. ఒకే పిచ్‌ను ఒకేసారి ఇద్దరికి పంపొద్దు. వారం చూసి ఒకసారి గుర్తుచేయండి. అప్పటికీ జవాబు రాకపోతే "వేరేచోట ఇస్తున్నాను" అని ఒక ముక్క రాసి ముందుకు పోండి.

రాసినవాడిదే హక్కు, కాగితం మీద పోగొట్టుకునేదాకా

ఈ భాగం నిదానంగా చదవండి. మనకు ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే.

1957 కాపీరైట్ చట్టంలో 17వ సెక్షన్ ప్రకారం రచనకు తొలి హక్కుదారు రచయితే. పత్రికలో ఉద్యోగం చేసేవాడు ఉద్యోగంలో భాగంగా రాస్తే, దాన్ని పత్రికల్లో ప్రచురించుకునే హక్కు యజమానికి పోతుంది. ఫ్రీలాన్సర్ ఉద్యోగి కాదు. కాబట్టి మీరు ఏమీ రాసివ్వకపోతే మీ కథనం మీదే. ఒకసారి వేసుకోవడానికి ఇచ్చినంత మాత్రాన దాన్ని పుస్తకంలో, ఇంకో భాషలో, వీడియోగా వాడుకునే హక్కు వాళ్లకు రాదు.

హక్కులు ఇంకొకరికి బదిలీ కావాలంటే రాతపూర్వకంగా ఉండాలి, మీ సంతకం ఉండాలి. అది 19వ సెక్షన్. అందులోనే మనకు పనికొచ్చే మూడు మాటలు ఉన్నాయి. బదిలీ పత్రంలో కాలం రాయకపోతే అది ఐదేళ్లకే చెల్లుతుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. తీసుకున్నవాళ్లు ఏడాదిలోపు ఆ హక్కును వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేగా లేనంతవరకు, అది రద్దయిపోతుంది. మీ కథనం కొని తొక్కిపెట్టారనుకోండి, ఏడాది తర్వాత ఈ సెక్షన్ మీకు అక్కరకొస్తుంది.

ఫొటోల విషయంలో మాత్రం జాగ్రత్త. ఎవరైనా డబ్బిచ్చి "ఈ ఫొటో తీసిపెట్టు" అని పురమాయిస్తే, వేరే ఒప్పందం లేకపోతే ఆ ఫొటో హక్కు పురమాయించినవాళ్లదే అవుతుంది. అక్షరానికి ఒక లెక్క, ఫొటోకు ఒక లెక్క. ఒకసారి ఒక సంస్థ అడిగిందని రెండు రోజులు తిరిగి ఫొటోలు తీసిచ్చాను. ఏడు నెలలు డబ్బు రాలేదు, ఈలోగా అవే ఫొటోలు వేరేచోట కనిపించాయి. అడుగుదామంటే నా దగ్గర ఒక్క కాగితం లేదు, అంతా ఫోన్లో మాట్లాడుకున్నదే. అప్పటినుంచి ఫోన్లో మాట్లాడిన ప్రతిదాన్నీ ఆ రోజే మెయిల్‌లో పెడుతున్నాను. అందులో ఉండే వాక్యాలు ఇవి:

"ఈ కథనాన్ని, దానితో పంపిన ఫొటోలను మీ సంస్థ తెలుగులో ఒకసారి ప్రచురించుకోవడానికి అనుమతి ఇస్తున్నాను. మిగతా హక్కులన్నీ నావే. ప్రచురణ జరిగిన 30 రోజుల తర్వాత ఇతర భాషల్లో, ఇతర రూపాల్లో నేను ఇచ్చుకోవచ్చు. మాట్లాడుకున్న మొత్తం ఇంత, ప్రయాణ ఖర్చు ఇంత. కథనం అందుకున్నాక ప్రచురించకూడదని నిర్ణయిస్తే ఇందులో సగం చెల్లించాలి."

పెద్ద సంస్థలు తమ ఒప్పంద పత్రం తామే పంపుతాయి. అందులో "అన్ని హక్కులు, శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా" అనే మాటలు కనిపిస్తే అడగండి. చాలాసార్లు అడిగితే మారుస్తారు. మార్చకపోతే ధర పెంచమనండి. దావా పడితే ఖర్చంతా రచయితే భరించాలనే షరతు ఉంటే మాత్రం ఒప్పుకోవద్దు, ఎంత డబ్బు ఇస్తామన్నా సరే. హక్కులన్నీ రాసిచ్చినా కథనం మీద మీ పేరు ఉండే హక్కు మాత్రం పోదు. రచయితగా గుర్తింపు పొందే హక్కును 57వ సెక్షన్ విడిగా కాపాడుతుంది.

డబ్బు రావాల్సిన తీరు

ముందు ఒక చిన్న లెక్క. కథనానికి మూడు వేలు ఇస్తామన్నారనుకుందాం. రెండు ప్రయాణాలకు బస్సు ఖర్చు 600, తిండి 200, ఫోన్ 100, సమాచార హక్కు దరఖాస్తు, జిరాక్సులు కలిపి 70. చేతిలో మిగిలేది 2,030. ఊళ్లో రెండు రోజులు, ఫోన్ల మీద ఒక రోజు, రాయడానికి ఒక రోజు పట్టింది. రోజుకు 507 రూపాయలు. అనంతపురంలో మేస్త్రీ కూలీ ఇంతకంటే ఎక్కువ. ఈ లెక్క వేసుకోకుండా "బైలైన్ వస్తుంది కదా" అని ఒప్పుకుంటే రెండేళ్లలో మళ్లీ ప్రకటనల వెంట తిరగాల్సి వస్తుంది. ప్రయాణ ఖర్చు విడిగా అడగండి. అదే ప్రయాణంలోంచి రెండో కథనం వస్తే రోజు విలువ అమాంతం మారిపోతుంది, ఇందాక కంది సాలు గురించి చెప్పింది ఇందుకే.

కథనం అచ్చయిన రోజే బిల్లు పంపాలి. బిల్లు నంబరు, తేదీ, కథనం శీర్షిక, ప్రచురణ తేదీ, మొత్తం, పాన్, బ్యాంకు ఖాతా, ఐఎఫ్ఎస్‌సీ ఉంటే చాలు. సంస్థలు సాధారణంగా పది శాతం టీడీఎస్ (చెల్లించే ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసుకుంటాయి, పాన్ ఇవ్వకపోతే ఇరవై శాతం పోతుంది. కోసిన డబ్బు మీ పేరు మీద ఆదాయపు పన్ను పోర్టల్లో కనిపిస్తుంది. పన్ను పడేంత ఆదాయం లేకపోతే రిటర్ను వేసి వెనక్కి తీసుకోవచ్చు. మన జిల్లాల్లో ఎంతోమంది రాసేవాళ్లు రిటర్ను వేయక ఆ డబ్బు వదిలేస్తున్నారు, చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. జీఎస్టీ గురించి బెంగ అక్కర్లేదు. సేవలకు ఏడాదికి 20 లక్షల రాబడి దాటేవరకు నమోదు అవసరం లేదు.

బాకీ వసూలుకు మనవాళ్లలో చాలామందికి తెలియని దారి ఒకటి ఉంది. ఉద్యమ్ పోర్టల్లో సూక్ష్మ సంస్థగా పేరు నమోదు చేసుకోవడం. ఆధార్, పాన్ ఉంటే చాలు, పైసా కట్టనక్కర్లేదు. స్వతంత్ర పాత్రికేయుల పని కూడా సేవల వర్గీకరణలో ఉంది. నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం చెబుతుంది. గడువు రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చొప్పున నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. ఫిర్యాదును ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్లో వేయొచ్చు. పైగా 2023-24 నుంచి, గడువులో చెల్లించకపోతే ఆ మొత్తాన్ని సంస్థ తన ఖర్చుగా ఆ ఏడాది చూపించుకోలేదు, వాళ్ల పన్ను పెరుగుతుంది. అందుకే బిల్లు కింద ఉద్యమ్ నంబరు కనిపిస్తే అకౌంట్స్ విభాగం తీరే వేరుగా ఉంటుంది. నమోదు మాత్రం పని ఒప్పుకోకముందే అయి ఉండాలి.

పది రూపాయల పరిశోధన

ఢిల్లీ రిపోర్టర్‌కు విమాన టికెట్టు ఉంటుంది. మనకు పోస్టల్ ఆర్డర్ ఉంది. 2005 సమాచార హక్కు చట్టం కింద మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండలస్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. కాపీ పేజీకి 2 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన పనిలేదు. "వివరాలన్నీ ఇవ్వండి" అంటే ఏదీ రాదు. ఏ ఏడాది, ఏ రిజిస్టరు, ఏ పని, దాని అంచనా విలువ, చెల్లింపు తేదీ అని విడగొట్టి అడగాలి. ఇంకా మంచి పని, రికార్డులు స్వయంగా చూస్తానని అడగడం. మొదటి గంట ఉచితం. ఆ గంటలో ఫైలు అంచున అధికారి రాసిన చిన్న నోటు కనిపిస్తే, అదే మీ కథనానికి మొదటి వాక్యం కావచ్చు.

అడగకుండానే దొరికేవి కూడా చాలా ఉన్నాయి. ఉపాధి హామీ వెబ్‌సైట్లో పంచాయతీ వారీగా ఏ పనికి ఎంత ఖర్చయిందో ఉంటుంది. కర్నూలు ఉల్లి, ఆదోని పత్తి, మదనపల్లె టమాట ధరలు రోజువారీగా అగ్‌మార్క్‌నెట్‌లో ఉంటాయి. పులివెందుల దగ్గర తుమ్మలపల్లె యురేనియం ప్రాజెక్టు లాంటివాటి పర్యావరణ అనుమతుల పత్రాలకు పరివేష్ పోర్టల్, కేసుల వివరాలకు ఈ-కోర్ట్స్, పార్లమెంటులో మంత్రులిచ్చిన జవాబులకు సంసద్ వెబ్‌సైట్, కాగ్ నివేదికలు. తుమ్మలపల్లె టెయిలింగ్ పాండ్ (శుద్ధి కర్మాగారం వ్యర్థాలు నిలవచేసే చెరువు) చుట్టుపక్కల కె.కె.కొట్టాల, మబ్బుచింతలపల్లె రైతులు తమ బోరు నీళ్ల గురించి చెప్పే మాటను ఈ పత్రాల పక్కన పెట్టి చదివితేనే, రైతు మాటా కంపెనీ మాటా ఎక్కడ కలుస్తాయో ఎక్కడ విడిపోతాయో రాయగలం. పాత విషయాలకు కడపలో సి.పి.బ్రౌన్ గ్రంథాలయం ఉంది, ఒక పూట కేటాయించి వెళ్లండి. శిక్షణ కావాలంటే విజయవాడలోని సి.రాఘవాచారి మీడియా అకాడమీ ప్రకటనలు చూస్తూ ఉండండి.

ఫెలోషిప్‌లు, పక్క పనులు

రెండు మూడు నెలలు పట్టే కథనాలకు ఏ పత్రికా పూర్తి ఖర్చు పెట్టదు. వాటికి ఫెలోషిప్‌లే దారి. నేషనల్ ఫౌండేషన్ ఫర్ ఇండియా స్వతంత్ర జర్నలిస్టులకు ఇస్తుంది. విదేశాల నుంచి పులిట్జర్ సెంటర్, ఎర్త్ జర్నలిజం నెట్‌వర్క్ ఇస్తాయి. విదేశీ డబ్బు దగ్గర ఒక చట్టపరమైన గుంత ఉంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010, నమోదైన పత్రికల విలేకరులు, కాలమిస్టులు, ఎడిటర్లు విదేశీ విరాళం తీసుకోకూడదంటుంది. చేసిన పనికి వచ్చే ప్రతిఫలానికి మినహాయింపు ఉంది. అంటే ఆ డబ్బు దానంగా కాక, రాసిన కథనానికి బిల్లు ప్రకారం ఫీజుగా రావాలి, ఒప్పంద పత్రంలో ఆ మాట ఉండాలి. సంతకం పెట్టేముందు ఒక ఆడిటర్‌కు చూపించండి. ఆ ఫీజు దండగ కాదు.

బయటి రిపోర్టర్లు సీమకు వచ్చినప్పుడు ఊళ్లు చూపించి, మనుషుల్ని కలిపించి, భాష చెప్పే పని ఉంటుంది, ఫిక్సర్ అంటారు. రోజుకు ఇంత అని ముందే మాట్లాడుకోండి. కథనం దిశ మార్చేంత సమాచారం మీరిస్తే కథనంలో మీ పేరు కూడా అడగండి. అనువాదం, సబ్‌టైటిళ్లు, స్వచ్ఛంద సంస్థల నివేదికలు కూడా ఇల్లు నడపడానికి పనికొస్తాయి. అనంతపురంలో ఆర్‌డీటీ, టింబక్టు కలెక్టివ్ లాంటి సంస్థలు దశాబ్దాలుగా పనిచేస్తున్నాయి కాబట్టి ఇక్కడ డాక్యుమెంటేషన్ పని తెలిసినవాళ్లకు అవసరం ఉంది. నా నియమం ఒకటే, ఎవరి దగ్గర నివేదిక రాసి డబ్బు తీసుకున్నానో వాళ్ల గురించి వార్త రాయను. రాయాల్సి వస్తే ఆ సంగతి ఎడిటర్‌కు ముందే చెబుతాను. ప్రకటన తీసుకుని నోరు మూసుకున్న రోజులు ఒకసారి చాలు.

యూట్యూబ్ గురించి అందరూ అడుగుతారు. వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉంటే ప్రకటనల వాటా మొదలవుతుంది. మన జిల్లాల్లో దాంతో ఇల్లు గడవడం కష్టం. కానీ కథనం కోసం తీసిన వీడియోను అక్కడ పెట్టుకుంటే అది మీ నమూనా పనిగా పిచ్‌లో పనికొస్తుంది.

కేసులు, ఆసుపత్రి, ఐడీ కార్డు

పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద ఉంది, రెండేళ్ల దాకా జైలు. రాసింది నిజమని మాత్రమే కాదు, ప్రజా ప్రయోజనం కోసమని కూడా చూపించాలి. నోట్‌బుక్కులు, రికార్డింగులు, సమాచార హక్కు జవాబులు పారేయొద్దు. ఆరోపణ ఎదుర్కొంటున్నవాళ్లకు వాట్సాప్‌లో ప్రశ్నలు పంపి, జవాబివ్వడానికి సమయమిచ్చి, ఆ స్క్రీన్‌షాట్ దాచుకోండి. కేసు పడితే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తుంది.

బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలతో రెండు లక్షల ప్రమాద బీమా, 50 ఏళ్లలోపు వాళ్లకు 436 రూపాయలతో రెండు లక్షల జీవిత బీమా ఉన్నాయి. రెండూ జూన్ 1 నుంచి మే 31 దాకా నడుస్తాయి, మే నెలాఖరున ఖాతాలో ఆ డబ్బు ఉండేలా చూసుకోండి. రాత్రిపూట బైకు మీద తిరిగే వృత్తి మనది. కేంద్ర సమాచార శాఖ జర్నలిస్టుల సంక్షేమ పథకం కింద, చనిపోయిన జర్నలిస్టు కుటుంబానికి ఐదు లక్షల దాకా సాయం అందుతుంది. అందులో ఫ్రీలాన్సర్లు కూడా ఉన్నారని ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి.

అక్రిడిటేషన్ (ప్రభుత్వం ఇచ్చే జర్నలిస్టు గుర్తింపు కార్డు) విషయంలో ఆశ తక్కువ పెట్టుకోవడం మేలు. కేంద్రంలో పత్రికా సమాచార కార్యాలయం (పీఐబీ) ఫ్రీలాన్సర్లకు ఇస్తుంది కానీ 15 ఏళ్ల అనుభవం అడుగుతుంది. జిల్లాలో ప్రధానంగా సంస్థల ద్వారానే వస్తుంది. కార్డు ఉంటే బస్సులో రాయితీ, ఆఫీసుల్లో కుర్చీ దొరుకుతాయి. మీరు రాసే సంస్థ నుంచి ఈ కథనం కోసం పనిచేస్తున్నారని ఒక మెయిల్ తీసుకుని ప్రింట్ తీసి జేబులో పెట్టుకుంటే, చెక్‌పోస్టు దగ్గర చాలావరకు అదే సరిపోతుంది.

పోయిన నెల జర్నలిజం చదివే ఒక అమ్మాయి మొదటి కథనానికి ధర్మవరం మగ్గాల దగ్గరికి వెళ్తూ ఫోన్ చేసింది. "అన్నా, కార్డు లేదు కదా, ఎవరు నువ్వు అంటే ఏం చెప్పను?" నీ పేరు చెప్పు, ఏం రాయాలనుకుంటున్నావో చెప్పు, ఎక్కడ వస్తుందో ఇంకా తెలియకపోతే తెలియదనే చెప్పు అన్నాను. అచ్చయ్యాక ఆ కాగితం పట్టుకుని మళ్లీ వస్తానని మాటివ్వు, వచ్చినప్పుడు వాళ్ల ముందే చదివి వినిపించు అని కూడా అన్నాను. నిన్న ఫోన్ చేసి మళ్లీ ధర్మవరం బస్సెక్కానంది. మగ్గం గుంతలో ఇరవై ఏళ్లుగా కాళ్లు పెట్టి కూర్చున్న ఒకామె, మోకాళ్ల నొప్పుల గురించి తను చెప్పింది రాయలేదేమని అడిగిందట. అది రెండో కథనం. పిచ్ రాసి పంపమన్నాను.